ఇంటర్‌నెట్టు సంఖ్యల పట్టికలో యథార్థత: పరీక్షా నియమములపై ఒక విమర్శ

ఒక పాఠశాల కార్యాలయములోని కంప్యూటరుపై ఎక్కడినుండియో దాడి జరిగినదనుకొనుడు. ఆ దాడి ఏ ఐ.పి. సంఖ్యనుండి వచ్చినదో యంత్రములో నమోదై యుండును. ఆ సంఖ్య ఎవరిదో తెలిసికొనవలెనన్నచో, సంఖ్యలను పంచిపెట్టు రిజిస్ట్రీల పట్టికను తెరచి చూడవలెను. అందులో ఆ సంఖ్యకెదుట ఒక సంస్థ పేరును, ఫిర్యాదులు పంపుటకొక చిరునామాయు ఉండును. ఆ చిరునామాకు పంపిన జాబు చేరవలెను. చేరిన జాబును చదువు మనిషి ఉండవలెను. ఆ మనిషి నిజముగా ఆ సంఖ్యపై అధికారము గలవాడై ఉండవలెను. ఈ మూడింటిలో ఏది లోపించినను ఫిర్యాదు గాలిలో కలిసిపోవును.

ఈ పట్టికలు యథార్థముగా ఉండవలెనని కోరని వారు లేరు. యథార్థతను ఎట్లు పరీక్షింపవలెనను విషయముననే వాదములు బయలుదేరినవి. 2008 మొదలు అమెరికా, ఐరోపా, ఆసియా ప్రాంతముల రిజిస్ట్రీలలో దీనిపై పలు ప్రతిపాదనలు వచ్చినవి. కొన్ని నియమములైనవి, కొన్ని వీగిపోయినవి. ఆ నియమములు దేనిని కొలుచుచున్నవి? కొలువవలసినది దేనిని? ఈ రెండును ఒకటేనా? విజ్ఞానశాస్త్రము బోధించువారికిని, చదువువారికిని ఈ ప్రశ్న క్రొత్తది కాదు. పరికరము చూపు అంకెకును, వస్తువు యొక్క నిజమైన కొలతకును గల భేదమే ఇచ్చట వేరొక వేషముతో కనిపించును.

పట్టిక పుట్టుక

ఇంటర్‌నెట్టులో కలిసిన ప్రతి నెట్‌వర్కునకు సంఖ్యలు కావలెను. ఐ.పి. నాల్గవ రూపములో ఒక్కొక్క సంఖ్య 32 ద్విసంఖ్యాంకముల పొడవు గలది. అనగా మొత్తము సంఖ్యలు 2 యొక్క 32వ ఘాతము, 429,49,67,296 మాత్రమే. ఒకే సంఖ్యను ఇద్దరికిచ్చినచో ఒకరికి పోవలసిన సమాచారము మరియొకరికి పోవును. కావున ఎవరికి ఏ సంఖ్య ఇచ్చినదియు వ్రాసి ఉంచుట మొదటినుండియు తప్పనిసరి యైనది.

అమెరికాలో అర్పానెట్టు దినములనుండి ఈ లెక్కను జాన్ పోస్టెల్ అను శాస్త్రజ్ఞుడు చూచుచుండెను. 1981 సెప్టెంబరులో ఆయన వెలువరించిన ఆర్.ఎఫ్.సి. 790 అను పత్రములో నెట్‌వర్కు సంఖ్యలకెదుట బాధ్యుల పొడి అక్షరములును, చివర ఆ వ్యక్తుల జాబితాయు కలవు. మరుసటి సంవత్సరము మార్చిలో ఆర్.ఎఫ్.సి. 812 వెలువడినది. ఎవరైనను దూరమునుండి పేరు పంపి వివరములు పొందగల ‘హూయిజ్’ పద్ధతి దానివలన ఏర్పడినది. ‘ఎవరు?’ అనుటయే ఆ పేరునకు అర్థము. అది కొద్దిమంది పరిశోధకుల లోకము. చిరునామా మారినవాడు ఒక జాబు వ్రాసి చెప్పిన చాలును. చెప్పకపోయినను వానిని ఎరిగినవాడొకడు ఉండెడివాడు.

తరువాత పని పెరిగినది. ఐరోపాకు రైప్ ఎన్.సి.సి. 1992లోను, ఆసియా పసిఫిక్ ప్రాంతమునకు ఎప్నిక్ 1993లోను, ఉత్తర అమెరికాకు ఆరిన్ 1997లోను, లాటిన్ అమెరికాకు లాక్నిక్ 2002లోను, ఆఫ్రికాకు ఆఫ్రినిక్ 2005లోను పని చేపట్టినవి. మన దేశములో 2012నుండి నిక్సి సంస్థకు చెందిన ఐ.ఆర్.ఐ.ఎన్.ఎన్. అను జాతీయ రిజిస్ట్రీ, ఎప్నిక్‌నకు లోబడి ఈ పని చేయుచున్నది. 2013లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 7020 ఈ వ్యవస్థకు మూడు లక్ష్యములు చెప్పినది. సంఖ్యల నిధిని జాగ్రత్తగా నిర్వహించుట మొదటిది. అంచెలంచెలుగా పంచుట రెండవది. నమోదుల యథార్థత మూడవది.

ఈ నడుమ జరిగిన ఒక సంఘటన పట్టిక విలువనే మార్చివైచినది. 2011 ఫిబ్రవరి 3వ తేదీన ప్రపంచ నిధిలోని ఐ.పి.వి.4 సంఖ్యల చివరి భాగములు ఐదు రిజిస్ట్రీలకును పంచబడినవి. ఆపైన క్రొత్త సంఖ్యలు దొరకుట కష్టమైనది. ఉన్నవాటికి బజారులో వెల ఏర్పడినది. 1981లో పట్టికలోని తప్పు అజాగ్రత్త మాత్రమే. 2011 తరువాత పట్టికలోని తప్పు డబ్బు తెచ్చిపెట్టగలదు. పట్టికను దిద్దుటకు ఏర్పరచిన నియమములు ఈ మార్పును ఎంతవరకు గుర్తించినవో చూడవలసి యున్నది.

యథార్థతకు మూడు అర్థములు

వాదముల నిండ ‘యథార్థత’ అను ఒకే మాట వినిపించుచుండును. విడదీసి చూచినచో దానిలో మూడు వేరు వేరు ప్రశ్నలు కలవు.

మొదటి ప్రశ్న: పట్టికలోని చిరునామాకు జాబు చేరునా? రెండవ ప్రశ్న: పట్టికలో పేరున్న సంస్థ నిజముగా ఉన్నదా, జవాబిచ్చువాడు ఆ సంస్థ మనిషియేనా? మూడవ ప్రశ్న: ఆ సంఖ్య ఆ సంస్థకు న్యాయముగా సంక్రమించినదా?

భూముల లెక్కలు ఎరిగినవారికి ఈ భేదము వెంటనే తెలియును. పట్టాలో పేరున్న రైతునకు తాఖీదు పంపగా ఎవరో సంతకము చేసి పుచ్చుకొనిరి. దానివలన ఆ ఊరిలో ఆ ఇంట ఎవరో ఉన్నారని తేలును. పుచ్చుకొన్నవాడు పట్టాదారుడే అని తేలదు. పట్టాదారుడే ఐనను పట్టా సక్రమముగా వచ్చినదో, దొంగ దస్తావేజుపై వచ్చినదో తేలదు. తాఖీదు అందిన రసీదును చూపి ‘భూమి హక్కు రుజువైనది’ అనువానిని ఏ తహసీల్దారును నమ్మడు.

ఈ మూడు ప్రశ్నలలో మొదటిదానిని యంత్రముచే పరీక్షింపవచ్చును. ఖర్చు స్వల్పము, ఫలితము అంకెలలో వచ్చును. రెండవదానికి మనుష్యులు పత్రములు చూడవలెను. మూడవదానికి పాత చరిత్రను త్రవ్వవలెను. ఏ నియమము ఏ ప్రశ్నను పట్టుకొన్నదో ఇప్పుడు పరిశీలింపవచ్చును.

మూడు ప్రాంతముల నియమములు

ఆరిన్ నియమము ఇది. 2008లో ప్రతిపాదింపబడి, 2010 నాటికి అమలునకు వచ్చినది. దానిని బట్టి పట్టికలోని ప్రతి సంప్రదింపు వ్యక్తికిని ఏడాదికొకమారు ఈ-మెయిలు పోవును. వివరములు సరిగా ఉన్నవని అతడు 60 దినములలో జవాబీయవలెను. ఈయనిచో పట్టికలో అతని పేరునకెదుట చెల్లదను గుర్తు పడును. ఆరంభముననే ఒక చిక్కు కనిపించినది. పెద్ద సంస్థలు తమ ఖాతాదారులకు కొన్ని సంఖ్యలు కేటాయించి, వారి పేర్లను వారికి తెలియకుండగనే పట్టికలో చేర్చుచుండెను. అట్టివారికి ఆరిన్ నుండి జాబు రాగా, ఆరిన్ అనగానేమో తెలియక వారు తెల్లబోయిరి. వారు జవాబీయకపోవుటలో వింత లేదు. 2017లో వచ్చిన సవరణలు ఈ లోపమును దిద్దినవి. ఇతరుని పేరు చేర్చునపుడు అతని అంగీకారము ఉండవలెననియు, ఏటేటి పరీక్ష నిజమైన బాధ్యులకే పరిమితము కావలెననియు నిర్ణయించిరి. తనవారిలో చెల్లుబాటైనవాడు ఒక్కడును లేని సంస్థకు ఆరిన్ సేవలు చాలవరకు నిలిచిపోవును. అనుభవమును చూచి నియమమును దిద్దుకొనుట మెచ్చదగిన సంగతి.

రైప్ ప్రాంతములో 2017-02 అను ప్రతిపాదన 2018లో ఆమోదము పొందినది. ఫిర్యాదు చిరునామాలను కనీసము ఏడాదికొకమారు యంత్రముచే పరీక్షింపవలెనని దాని సారము. ఇందు మనిషి జవాబు అక్కరలేదు. జాబు పుచ్చుకొను పెట్టె ఉన్నదో లేదో యంత్రమే చూచును. ఇది చాలదని 2019-04 అను మరియొక ప్రతిపాదన వచ్చినది. మనిషియే స్వయముగా జవాబీయవలెను, అదియు ఆరు నెలలకొకమారు ఈయవలెనని దాని కోరిక. దానిపై వాదములు తీవ్రముగా సాగి, ఏకాభిప్రాయము కుదరక 2020లో అది నిలిచిపోయినది.

ఎప్నిక్ ప్రాంతములో ఇట్టి నియమమే 2018లో అంగీకరింపబడి, 2019లో అమలునకు వచ్చినది. దీని పేరు ‘ప్రాప్-125’. ఆరు నెలలకొకమారు ఫిర్యాదు చిరునామాకు జాబు పోవును; 15 దినములలో జవాబీయవలెను. మన దేశపు సంఖ్యలు ఎప్నిక్ ఛత్రము క్రిందివే గనుక ఈ నియమపు మంచిచెడ్డలు మనకును సంబంధించినవే.

ఈ మూడు నియమములును మొదటి ప్రశ్ననే పట్టుకొన్నవి. ఆ మేరకు ఇవి ఉపయోగకరములే. పాడుపడిన చిరునామాలు బయటపడును. దాడికి గురియైనవానికి ఏ తలుపు తట్టవలెనో తెలియును. ఉద్యోగి వెళ్లిపోయిన పిమ్మట అతని చిరునామాను మార్చని సంస్థలు అన్ని దేశములలోను కలవు. వాటికిది మంచి హెచ్చరిక. లోపము ఎచ్చటనన, ఈ పరీక్షలో నెగ్గిన నమోదును ‘ధ్రువీకరింపబడినది’ అని పిలుచుటలో కలదు. ఆ మాట చూచినవాడు రెండవ, మూడవ ప్రశ్నలకును జవాబు దొరికినదని భ్రమపడును.

దొంగ ఉత్తీర్ణుడగు పరీక్ష

సంఖ్యల అపహరణ ఎట్లు జరుగునో తెలిసినచో ఈ భ్రమ ఎంత ప్రమాదకరమో స్పష్టమగును. ప్రాంతీయ రిజిస్ట్రీలు పుట్టకముందు పంచిన సంఖ్యలు కోట్లకొలది కలవు. వాటిలో చాలవాటికి ఒప్పందపత్రములు లేవు. పుచ్చుకొన్న సంస్థలు కొన్ని మూతపడినవి, కొన్ని ఇతర సంస్థలలో కలిసిపోయినవి. పట్టికలో మాత్రము పాత పేరు, పాత ఈ-మెయిలు చిరునామా నిలిచి యుండును. ఆ చిరునామాలోని డొమైను పేరునకు ఏటేటి రుసుము కట్టువాడు లేక అది బజారుకు వచ్చును. దొంగ దానిని స్వల్పమైన ధరకు కొనును. ఆనాటినుండి పాత సంస్థకు వచ్చు జాబులన్నియు అతనికే చేరును. కొందరు అదే పేరుతో క్రొత్త కంపెనీని కూడ నమోదు చేయించి, తామే వారసులమని చెప్పుకొందురు.

ఇప్పుడు రిజిస్ట్రీ పంపిన పరీక్షా జాబు వచ్చినది. దొంగ దానికై వేచియున్నాడు. ఆ దినముననే జవాబిచ్చును. న్యాయమైన హక్కుదారుని కార్యాలయములో ఆ జాబు పనికిరాని ఉత్తరముల కుప్పలో పడి యుండును. లేదా దానిని చూడవలసిన ఉద్యోగి బదిలీపై పోయి యుండును. పరీక్షలో దొంగ నెగ్గెను, దొర ఓడెను.

అంకెలతో ఒక ఉదాహరణ చూడవచ్చును. ఇవి కేవలము ఊహించిన అంకెలు. ఒక పట్టికలో 1,000 నమోదులు కలవు. వాటిలో 20 దొంగల చేతిలో ఉన్నవి, 980 సక్రమమైనవి. సక్రమమైనవారిలో 80 మంది జాబునకు జవాబీయలేదు. దొంగలు 20 మందియు జవాబిచ్చిరి. పరీక్షలో తప్పిన 80 నమోదులలో దొంగ ఒక్కడును లేడు. నెగ్గిన 920లో దొంగలు అందరును కలరు. పరీక్షకు ముందు దొంగల పాలు నూటికి 2. ‘ధ్రువీకరింపబడిన’ నమోదులలో దొంగల పాలు 920కి 20, అనగా నూటికి ఇంచుమించు 2.2. పరీక్షవలన నమ్మకము పెరిగినది, నమ్మదగినతనము తగ్గినది.

విద్యార్థులు దీనిని త్రాసుతో పోల్చి గ్రహింపవచ్చును. శూన్యదోషము గల త్రాసులో ఒకే వస్తువును పదిమార్లు తూచినను పదిమార్లును ఒకే అంకె వచ్చును. ఫలితములలో నిలకడ కలదు, యథార్థత లేదు. మరియొక పదిమార్లు తూచుటవలన ఆ దోషము పోదు. జాబులు ఏడాదికి ఒకమారు పంపినను, ఆరు నెలలకు ఒకమారు పంపినను, రెండవ ప్రశ్నకు జవాబు రాకపోవుటకు కారణమిదియే. ఐరోపాలో సాగిన వాదము చాలవరకు పరీక్ష ఎన్ని మార్లు జరుగవలెను, యంత్రము చేయవలెనా మనిషి చేయవలెనా అనువాటిపై నడచినది. దేనిని పరీక్షింపవలెనను ప్రశ్న వెనుకబడినది.

రెండు పెద్ద ఉదంతములు

ఇది కేవలము తర్కము కాదనుటకు రెండు ఉదంతములు చాలును.

మొదటిది అమెరికాలోనిది. దక్షిణ కెరొలినా రాష్ట్రములోని మిక్‌ఫో అను సంస్థ బినామీ కంపెనీలను పెట్టి, వాటి పేర ఆరిన్ నుండి 7,57,760 సంఖ్యలను పొందినది లేదా పొందజూచినది. ఆ కంపెనీలకు పేర్లు ఉన్నవి, చిరునామాలు ఉన్నవి, నోటరీ ముద్ర వేసిన ప్రమాణపత్రములును ఉన్నవి. వాటిలో సంతకములు చేసినట్లున్న అధికారులు మాత్రము లోకములో లేరు. ఒక్కొక్క సంఖ్యకు 13 మొదలు 19 డాలర్ల వెల కట్టి, మొత్తము విలువ సుమారు 98 లక్షలనుండి 144 లక్షల డాలర్లని ప్రభుత్వ న్యాయవాదులు లెక్కవేసిరి. 2019 మే నెలలో మధ్యవర్తి తీర్పు ఆరిన్‌నకు అనుకూలముగా వచ్చినది. ఆ నెలలోనే క్రిమినలు అభియోగములు బయటపడినవి. సంస్థ అధిపతి 2021 నవంబరులో నేరము అంగీకరించెను. 2023లో అతనికి ఐదేండ్ల శిక్ష పడినది. ఈ కంపెనీలు జాబులకు జవాబులిచ్చుటలో ఏనాడును వెనుకబడియుండవు. వాటి మనుగడయే ఆ జవాబులపై ఆధారపడి యున్నది గదా!

రెండవది ఆఫ్రినిక్ ఉదంతము. 2019లో ఆ రిజిస్ట్రీ పట్టికలోనే అక్రమమైన మార్పులు జరిగినట్లు పత్రికలలో వెల్లడియైనది. ఆ సంస్థ విచారణ జరిపి 2021 జనవరిలో తన నివేదికను ప్రకటించినది. దాని ప్రకారము రిజిస్ట్రీ స్వంత నిధినుండి 23,71,584 సంఖ్యలు అపహరింపబడినవి. పూర్వకాలపు సంస్థలకు చెందిన 17,99,168 సంఖ్యల నమోదులు చెడగొట్టబడినవి. రెండును కలిపి 41,70,752. సంస్థ లోపలివారి పాత్ర ఉన్నదను ఆరోపణపై వ్యవహారము మారిషస్ పోలీసులకు చేరినది. ఇచ్చట తప్పు పరీక్షింపబడువానిలో కాదు, పరీక్షించువాని ఇంటిలోనే కలదు. కరణమే లెక్క మార్చినచో రైతుల రసీదులు ఎన్ని చూచిన లాభమేమి? యథార్థతపై వచ్చిన నియమములన్నియు సభ్యులను పరీక్షించునవే. రిజిస్ట్రీ తన పుస్తకమును తాను ఎట్లు పరీక్షించుకొనవలెనో చెప్పు నియమములు అరుదు. ఈ లోపము మిగిలినవాటికంటె పెద్దది. ఆఫ్రినిక్ తన తప్పులను అంకెలతో సహా తానే ప్రకటించుట మాత్రము ఇతరులకు ఆదర్శము కాదగిన పని.

ప్రతివాదముల బలాబలములు

కఠినమైన నియమములను వ్యతిరేకించువారు మూడు మాటలు చెప్పుదురు. రిజిస్ట్రీ పోలీసు ఠాణా కాదని వారి మొదటి మాట. ఫిర్యాదు పెట్టె ఉన్నంతమాత్రమున ఫిర్యాదుపై చర్య జరుగదని రెండవది. చిన్న సంస్థలపై భారము పెరుగునని, వ్యక్తుల ఆంతరంగిక వివరములు బయటపడునని మూడవది.

మొదటి మాటలో సగము నిజము కలదు. దాడి చేసినవానిని శిక్షించుట రిజిస్ట్రీ పని కాదు. కాని తన పుస్తకములో తప్పు లేకుండ చూచుకొనుట నిశ్చయముగా దాని పనియే, ఆర్.ఎఫ్.సి. 7020 చెప్పినదియు అదే. పోలీసు కాననువాడు గుమాస్తా పనిని కూడ వదలుకొనరాదు.

రెండవ మాట పూర్తిగా నిజము. ఐతే అది నియమమును వద్దనుటకు చాలిన కారణము కాదు. తలుపు ఉన్నంతమాత్రమున లోపలివాడు పలుకడు. తలుపే లేనిచో పలుకరించుటకైనను వీలులేదు.

మూడవ మాటను జాగ్రత్తగా చూడవలెను. ఐరోపాలో వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము 2018 మే 25నుండి అమలులోనికి వచ్చినది. పట్టికలో వ్యక్తి పేరు, ఫోను ఉండవలెనా, సంస్థ పేరును ఉద్యోగపు హోదాయు చాలునా అను ప్రశ్న దానితో బలపడినది. ఇచ్చట ఒక విశేషము కలదు. వ్యక్తుల పేర్లు త్వరగా పాతబడును, హోదాలు పాతబడవు. ‘ఫిర్యాదుల విభాగము’ అను చిరునామా ఉద్యోగులు మారినను మారదు. కావున ఆంతరంగికతను కాపాడుట, పట్టికను సరిగా ఉంచుట అనునవి ఈ విషయమున ఒకదానికొకటి విరోధులు కావు. వాదించిన రెండు పక్షములును ఈ సంగతికి ఈయవలసినంత విలువ ఈయలేదు.

పోలీసుల కోరికయు, పట్టిక హద్దును

ఐరోపా పోలీసు సంస్థ యూరోపోల్ 2016లో రైప్ సమావేశమున తన అక్కర వినిపించినది. సంఖ్యలు ఒక సంస్థనుండి మరియొక సంస్థకు, దానినుండి మూడవదానికి అంచెలంచెలుగా పోవుచుండును; చివరి అంచె వరకు పట్టికలో కనిపించినచో నేరపరిశోధనలో కాలము కలిసివచ్చునని వారి వాదము. ఇది న్యాయమైన కోరికయే. ఐనను ఎంత చక్కని పట్టికయైనను చెప్పగలదానికి ఒక హద్దు కలదు. పట్టిక నెట్‌వర్కును చూపును, మనిషిని చూపదు.

సంఖ్యల కొరతవలన నేడు చాల సంస్థలు ఒకే ఐ.పి.వి.4 సంఖ్యను వందలకొలది ఖాతాదారులకు ఒకేమారు వాడుకకిచ్చుచున్నవి. ఒక పెద్ద భవనమునకు ఒకే వీధి తలుపు ఉన్నట్లిది. అట్టిచోట సంఖ్య ఒక్కటే తెలిసిన చాలదు. సరియైన కాలమును, ‘పోర్టు’ అను మరియొక అంకెయు నమోదు చేసికొనవలెనని 2011లో వెలువడిన ఆర్.ఎఫ్.సి. 6302 సలహా ఇచ్చినది. ఆ వివరములు సేవనందించు సంస్థ వద్ద ఉండును, రిజిస్ట్రీ వద్ద ఉండవు. ఈ హద్దు తెలియక సంఖ్య దొరికినంతనే నేరస్థుడు దొరికెననుకొన్నచో నిరపరాధుల ఇండ్లపై అనుమానము వాలును.

మన దేశములో సెర్ట్-ఇన్ 2022 ఏప్రిలు 28న ఇచ్చిన ఆదేశములు ఈ రెండవ అంచెకు సంబంధించినవి. డేటా కేంద్రములు, వి.పి.ఎన్. సేవలు మొదలైనవి ఖాతాదారుల పేర్లను సరిచూచి, వారికిచ్చిన ఐ.పి. సంఖ్యలతో సహా ఐదేండ్లు భద్రపరుపవలెనని అందు కలదు. దానిపై కొన్ని వి.పి.ఎన్. సంస్థలు తమ సర్వర్లను భారతదేశమునుండి తొలగించుకొన్నవి. ఆదేశము మంచిదా చెడ్డదా అనునది వేరు చర్చ. ఇందలి పాఠము ఒకటి కలదు: నమోదు నియమము బిగించినపుడు కొన్ని నమోదులు సరియగును, కొన్ని నమోదు చేయువాని చేయి దాటిపోవును. రెండింటిని కలిపి లెక్కించిన గాని లాభనష్టములు తేలవు.

శిక్ష ఎంతవరకు?

పరీక్షలో తప్పినవానినుండి సంఖ్యలనే వెనుకకు తీసికొనవలెనని కొందరు కోరుదురు. వినుటకు ఇది న్యాయముగా తోచును. కాని ఆ సంఖ్యల వెనుక ఒక ఆసుపత్రి ఉండవచ్చును, ఒక విశ్వవిద్యాలయము ఉండవచ్చును. గుమాస్తా జాబు చూడకపోయిన తప్పునకు వేలమంది సంబంధము తెగిపోవుట తగదు. పైని ఉదాహరణలో తప్పినవారు 80 మందియు సక్రమమైనవారే యని మరువరాదు. ఆరిన్, ఎప్నిక్ నియమములు అంతదూరము పోక, సంస్థ తన ఖాతా వాడుకకు అడ్డుపెట్టుటతో ఆగుట వివేకము.

వెనుకకు తీసికొను అధికారము వాడినపుడు రిజిస్ట్రీ కూడ గండములో పడగలదు. ఒక పెద్ద సభ్యసంస్థతో ఆఫ్రినిక్‌నకు సంఖ్యల విషయమై వివాదము రాగా, 2021 జూలైలో మారిషస్ న్యాయస్థానపు ఉత్తర్వుతో ఆఫ్రినిక్ బ్యాంకు ఖాతాలు స్తంభించినవి. 2023లో దాని నిర్వహణ న్యాయస్థానము నియమించిన రిసీవరు చేతికి పోయినది. ఆ వివాదములో న్యాయమెవరిదైనను, ఒక ఖండమునకంతకు పట్టిక వ్రాయు కార్యాలయము కుంటుపడినది. తన పుస్తకము నిర్దోషమని చూపగల రిజిస్ట్రీకే ఇతరుల నమోదును రద్దుచేయు అధికారము శోభించును.

మేలైన మార్గము

విమర్శించుటతో పని ముగియదు. ఏమి చేయవచ్చునో కూడ చూడవలెను.

మొదటిది ఒప్పందము. రైప్ ప్రాంతములో 2007-01 అను ప్రతిపాదన ద్వారా, సంఖ్యలను స్వతంత్రముగా పొందినవారు కూడ ఏదో ఒక సంస్థతో వ్రాతపూర్వకమైన ఒప్పందము కలిగియుండవలెనని నిర్ణయించిరి. ఇది నెమ్మదిగా సాగిన పని. పేరున్నవాడు ఉన్నాడా, కాగితములు ఉన్నవా అను రెండవ, మూడవ ప్రశ్నలను తాకిన పని. జాబు పరీక్షలకు వచ్చిన ప్రచారము దీనికి రాలేదు గాని, దీని ప్రయోజనము లోతైనది.

రెండవది, పట్టిక సరిగా ఉండుటలో పేరున్నవానికే లాభము కలుగునట్లు చేయుట. ఆర్.పి.కె.ఐ. అను పద్ధతిలో సంఖ్యల హక్కుదారుడు, తన సంఖ్యలను ఏ నెట్‌వర్కు ప్రకటింపవచ్చునో రహస్య తాళపుచెవితో సంతకము చేసి తెలుపును. దానికి విరుద్ధమైన ప్రకటనలను రౌటర్లు త్రోసిపుచ్చగలవు. 2024 మే నాటికి ఐ.పి.వి.4 మార్గములలో సగమునకు పైగా ఇట్టి సంతకముల క్రిందికి వచ్చినవి. ఇచ్చట నమోదు తప్పైనచో మొదట నష్టపోవువాడు హక్కుదారుడే. కావున ఎవరును హెచ్చరింపకయే అతడు దానిని సరిచూచుకొనును. ఐనను దొంగచేతికి తాళపుచెవి పోయినచో ఈ పద్ధతియు దొంగసంతకమునే కాపాడును. ఇది రెండవ ప్రశ్నకు జవాబు కాదని గుర్తుంచుకొనవలెను.

మూడవది నమూనా పరీక్ష. అందరికిని జాబు పంపుటకు బదులు, లేదా దానితోపాటు, పట్టికలోనుండి యాదృచ్ఛికముగా కొన్ని వందల నమోదులను ఎన్నుకొని, మూడు ప్రశ్నలపైనను లోతుగా విచారించి, తప్పుల పాలును ఏటేట ప్రకటింపవలెను. గణాంకశాస్త్రము చదివిన ఇంటర్మీడియేటు విద్యార్థికి కూడ ఈ పద్ధతి తెలియును. దీనివలన పట్టిక నిజముగా బాగుపడుచున్నదో లేదో తెలియును. జవాబుల సంఖ్యను చూచి అది తెలియదు. ఈ పని రిజిస్ట్రీకి వెలుపలివారు చేసినచో ఆఫ్రినిక్‌లో జరిగినట్టి దోషములు కూడ త్వరగా బయటపడును. పట్టికలో జరిగిన ప్రతి మార్పును చెరుపుటకు వీలులేని చరిత్రగా నిలుపుట దీనికి తోడు కావలెను.

నాల్గవది మాట శుద్ధి. జాబునకు జవాబిచ్చిన నమోదును ‘చిరునామా పనిచేయుచున్నది’ అని మాత్రమే పిలువవలెను. పత్రములు చూచిన దానిని ‘సంస్థను గుర్తించితిమి’ అనవలెను. చరిత్ర చూచిన దానిని ‘హక్కు పరిశీలించితిమి’ అనవలెను. ప్రతి గుర్తునకు పక్కన తేదీ ఉండవలెను. ఖర్చు లేని ఈ చిన్న మార్పు చదువరిని అనేక భ్రమలనుండి కాపాడును.

ప్రయోగశాలలో విద్యార్థి ఒక కొలత వ్రాసినపుడు, ఏ పరికరముతో కొలచితివి, ఎంత దోషమునకు అవకాశము కలదని ఉపాధ్యాయుడు అడుగును. ఈ రెండును చెప్పని కొలతకు మార్కులు ఈయడు. లోకమునంతటిని కలుపు సంఖ్యల పట్టికను గూర్చియు ఈ రెండు ప్రశ్నలనే అడుగవలసి యున్నది. ఇంతవరకు వచ్చిన నియమములు మొదటిదానికి కొంత జవాబిచ్చినవి. రెండవదానికి ఇంకను ఈయలేదు.